మరియమ్మ కాలికి మెట్టెలు

బొమ్మల సొన్నప్ప నోటికి గడియ లేదని కాటన్‌పేటలో అందరికీ తెలుసు. అవెన్యూ రోడ్డులో పళ్ళ అంగడి బోర్డు మీద ఆయన వేసిన జామపండును కొరకబోయి ఒక కోతి పన్ను విరగ్గొట్టుకుందట. విన్నవాళ్ళు నవ్వితే, ఆ పన్ను ఇంట్లో దాచాననీ రేపు తెచ్చి చూపిస్తాననీ అనేవాడు. ఇరవై ఏళ్ళయినా ఆ రేపు రాలేదు. అలాంటి మనిషి ఒక నిజాన్ని అయిదేళ్ళపాటు కడుపులో దాచుకున్నాడు. కోతి పన్నునైనా నమ్మవచ్చు గానీ దీన్ని నమ్మడం కష్టం.

1954 వానలకు, ఒకప్పుడు తెల్ల సిపాయిలుండిన దండు ప్రాంతంలోని పాత కాన్వెంటు చర్చిలో పీఠం వెనక గోడ ఉబ్బి, గార పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోయింది. చర్చి కట్టిన ఏడాదే, అంటే తొంభై అయిదేళ్ళ కిందట, ఒక ఫ్రెంచి పాదిరి ఆ గోడ మీద బొమ్మ వేశాడు. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని మరియమ్మ గాడిద మీద ఐగుప్తుకు పారిపోతుంటే, ఆమె భర్త జోజప్ప ముందు పగ్గం పట్టుకుని నడుస్తుంటాడు. ఇప్పుడదంతా నేల మీద రంగురంగుల మట్టి.

కాన్వెంటు పెద్ద సిస్టర్ ఆగ్నేసమ్మది గుంటూరు వైపు. ప్రహరీ మీద అక్షరాలు రాయడానికి వచ్చే సొన్నప్పతో ఈ కన్నడ ఊళ్ళో తెలుగులో నాలుగు మాటలాడటం ఆమెకు సరదా. మరమ్మతని చర్చి తలుపులు మూయించి ఆయన్నే పిలిపించింది.

"నూరేళ్ళ పండుగ అయిదేళ్ళలో ఉంది సొన్నప్పా. నా హయాంలో ఈ బొమ్మ పోయిందంటే పైవాళ్ళు నన్నిక్కడ ఉంచరు. మళ్ళీ అలాగే వేసిపెట్టు. ఎవరికీ చెప్పకు."

"మూలలో నా పేరు రాసుకుంటానమ్మా. చీమ తలకాయంత."

"ఇప్పుడొద్దు. పండుగనాడు అందరి ముందూ నేనే చెబుతాను. మాటిస్తున్నాను."

మన భాష మనిషి, పైగా సన్యాసిని. సొన్నప్పకు ఆ మాట చాలింది.

నమూనాకు అరచేతంత పాత ఫోటో దొరికింది. అందులో మోకాళ్ళ కింద అంతా చెమ్మ తినేసింది. పైదంతా ఫోటో చూసి వేశాడు. గాడిద కాళ్ళ కోసం దోభీ ఘాటుకు పోయి రెండు రోజులు కూర్చున్నాడు. మరియమ్మ కాళ్ళకు ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది, భార్య కదిరమ్మ కాళ్ళు రోజూ కళ్ళ ముందే తిరుగుతుంటాయి. ఎప్పుడో రోకలి పడి ఆమె కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి వంగింది. ఆ వంకరతో సహా గోడ మీదికి దిగింది. గోపురాల మీది అమ్మవార్లకు రంగులేసిన చేయి కదా, మొగుడు పక్కనే ఉన్న ముత్తయిదువను బోసికాళ్ళతో వదలలేక మెట్టెలు కూడా తొడిగింది. గుడి అలవాటు ప్రకారం కళ్ళు చివరికి ఉంచి, ఉపవాసముండి దిద్దాడు. వెలుతురు చాలకపోతే సిస్టరే అద్దం పట్టుకుని కిటికీలోని ఎండను గోడ మీదికి తిప్పింది. మెట్టెలు చూసి నవ్వి, "ఉండనీ" అంది.

అయిదేళ్ళు గడిచాయి. చర్చి ముందు నుంచి పోయినప్పుడల్లా సొన్నప్ప నాలుక దురద పెట్టేది. పండుగ ముందు రోజు మాత్రం ఆగలేక, బొరుగుల అంగడి రామాంజినప్ప దగ్గర కూర్చుని చెప్పేశాడు.

"రేపు దండు చర్చిలో నా పేరు చెప్తారప్పా. ఆ గోడ మీది బొమ్మ నాదే. అందరూ రావల్ల."

"అది నూరేండ్ల బొమ్మంట గదప్పా. నీకిప్పుడెన్ని?"

"నలభై ఆరు."

"అయితే పోయిన జన్మలో వేసింటావులే. కోతి పన్ను కూడా తీసుకురా, పాదిర్లకు చూపిద్దాం."

ఎగతాళి చేశారు గానీ, తమాషా చూడటానికి పదిమంది వచ్చారు. బొమ్మ సంగతి ముందురోజే విన్న కదిరమ్మ పెండ్లినాటి చీర కట్టింది.

సభలో ఒక పెద్ద పాదిరి చర్చి చరిత్ర చదివాడు. మద్రాసు నుంచి ఎద్దుబండ్ల మీద గంట ఎలా వచ్చిందో చెప్పి, గోడవైపు చేయి చూపాడు. "ఆ తల్లి పాదాలు చూడండి. ఎక్కడో ఫ్రాన్సులో పుట్టిన చిత్రకారుడు ఈ నేల ఇల్లాలి మెట్టెలను నూరేళ్ళ కిందటే ఎంత ప్రేమగా గమనించాడో."

చప్పట్లు మోగాయి. సొన్నప్ప ముందు వరుసలోని సిస్టర్ వైపు చూశాడు. ఆమె లేచింది. బ్యాండు వాళ్ళకు కృతజ్ఞత చెప్పింది, బెంచీలు బాగుచేసిన వడ్రంగికి చెప్పింది, గోడలకు సున్నం కొట్టిన వాళ్ళకూ చెప్పింది. చెప్పి కూర్చుంది.

"నీ పేరు ఫ్రెంచిలో చెప్పినట్టుండారప్పా, మాకు తెలీలేదు," అన్నాడు రామాంజినప్ప.

జనం పలచబడ్డాక సిస్టర్ దగ్గరికి వెళ్ళాడు. "మాటిస్తిరి కదమ్మా."

"చరిత్ర పుస్తకం అచ్చయిపోయింది సొన్నప్పా. ఇప్పుడు కాదంటే అయిదేళ్ళు నేను అబద్ధమాడినట్టవుతుంది. దేవుడికి తెలుసు, అది చాలదా?"

"దేవునికి నేనే చెప్పుకుంటానమ్మా. మీరు రామాంజినప్పకు చెప్పల్ల."

ఆమె తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కదిరమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. బొమ్మ కాలినీ తన కాలినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఇది నా కాలే కదా."

"ఊఁ."

"ఒక మాట నాకు చెప్పల్ల కదా?"

"ఎవురికీ చెప్పనని మాటిచ్చింటి."

"ఆ యమ్మకిచ్చిన మాట అయిదేండ్లు నిలబెట్టినావు. నా కాలు నాకు తెలీకుండా ఊరికి చూపిస్తివి." చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని ముందు నడిచింది. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరగలేదు. సిస్టర్ చేసినదానికంటే ఇదే సొన్నప్పకు ఎక్కువ గుచ్చుకుంది. ఎందుకంటే ఇది తాను చేసింది.

1963 వానాకాలంలో, ఒక సాయంత్రం ఆయన బొరుగుల అంగడి దగ్గరుండగా కాన్వెంటు తోటమాలి గురప్ప వచ్చాడు. "సిస్టరమ్మ రమ్మనిందప్పా. మెట్టెల కాడ రంగు పెచ్చులు లేస్తా ఉండాది. మునుపు వేసిన చెయ్యే పడల్లంట, ఇంకొకరిని ముట్టుకోనియ్యనంటా ఉండాది."

బొరుగులు కొలుస్తున్న రామాంజినప్ప చేయి గాల్లోనే ఆగింది. నాలుగేళ్ళుగా సొన్నప్ప ఎదురుచూసిన సాక్ష్యం నడుచుకుంటూ అంగడి ముందుకే వచ్చింది.

"ఆ బొమ్మ నాది కాదప్పా," అన్నాడు సొన్నప్ప తాపీగా. "వేసినాయన ఫ్రాన్సులో ఉండాడు. జాబు రాయమని చెప్పు."

గురప్ప వెళ్ళిపోయాడు. రామాంజినప్ప కొలతలోని బొరుగులు పొట్లం కట్టి సొన్నప్ప చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎన్నడూ ఆయన్ను కోతి పన్ను తెమ్మని అడగలేదు.