నాన్న తిన్నాక నడవాలి, వాడు తిన్నాక పడుకోవాలి

మా ఇంట్లో ఇద్దరికి ఇద్దరు డాక్టర్లు. నాన్న డాక్టరు తిన్నాక కాసేపు నడవాలన్నాడు, లేకపోతే షుగరు దిగదన్నాడు. కుక్క డాక్టరు తిన్నాక నడవనే కూడదన్నాడు, నడిస్తే ప్రాణం మీదికి వస్తుందన్నాడు. ఈ రెండు మాటల మధ్య నేను నలిగిపోయాను. ఎందుకంటే నాన్న వాడు లేకుండా గడప దాటరు, వాడు నాన్న లేకుండా ముద్ద ముట్టడు.

వాడంటే మా గ్రేట్ డేన్. నించుంటే గడ్డం భోజనాల బల్ల మీద ఆనుతుంది. వీధిలో పిల్లలు వాడిని చూసి 'ఘోడా ఆయా', గుర్రమొచ్చిందని అరుస్తారు. తెలిసిన ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్తూ, అక్కడి ఫ్లాటులో ఇంత జంతువు పట్టదని మాకు అప్పగించి పోయాడు. అప్పటికి వాడికి ఏడాది కూడా నిండలేదు. నేను వద్దన్నాను. పొద్దున్నే పవర్ హౌస్ మార్కెట్‌లో బట్టల కొట్టు తెరవాల్సినదాన్ని, గుర్రాన్ని పెంచే తీరిక నాకెక్కడిది? నాన్న మాత్రం వాడి గొలుసు అందుకున్నారు.

ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. ప్లాంటు క్వార్టరు ఖాళీ చేసి రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అమ్మ పోయాక నాన్న కుర్చీలోంచి లేవడం మానేశారు. నడవకపోతే కాళ్లకు ముప్పని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది. ఏ డాక్టరూ చేయలేని పని వాడు వచ్చిన వారంలో చేశాడు. గొలుసు నోట కరుచుకుని కుర్చీ ముందు నించున్నాడు, అంతే. నాన్న లేచారు. అందుకే నేను కూడా నోరు మూసుకున్నాను.

పెద్ద కుక్కంటే ఎక్కువ తిండి పెట్టి ఎక్కువ పరిగెత్తించాలని మా వీధి అంతా అనుకునేది. స్కూటరు పక్కన పరిగెత్తించమని ఒకరు, మేడ మెట్లు ఎక్కించి దింపమని ఇంకొకరు. నాన్న స్కూటరు తాళం తీశారు కూడా. కుక్క డాక్టరు విని నెత్తి కొట్టుకున్నాడు. ఒళ్లు చూసి మోసపోకండి, లోపల ఎముకలింకా పసివాడివే, పరుగులూ గెంతులూ ఇప్పుడే పెడితే కీళ్లు పాడైపోతాయన్నాడు. మెల్లగా నడిపించమన్నాడు, ఒళ్లు పెరగనివ్వొద్దన్నాడు. మా మొజాయిక్ గచ్చు మీద వాడి కాళ్లు జారుతుంటే, ఖుర్సీపార్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి ప్లాంటు కన్వేయర్ బెల్టు ముక్కలు తెచ్చి గది నిండా పరిచాను. ఎండాకాలం రోడ్డు మీద నా అరచేయి వెనకభాగం ఆనించి చూసేదాన్ని. నా చెయ్యి ఓర్చుకోలేకపోతే వాడి నడక ఆ పూటకు లేదు.

నాన్నతో మాత్రం నెగ్గలేకపోయాను. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. గొలుసు జారకుండా మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని తిరిగేవారు. వద్దు నాన్నా, వాడు ఒక్క లాగు లాగితే నువ్వెక్కడుంటావు అని మొత్తుకునేదాన్ని. ఒకరోజు ఆవు అడ్డమొస్తే వాడు లాగనే లాగాడు, నాన్నను కాలవ దాకా ఈడ్చుకుపోయాడు. నాకు చెప్పలేదు. ప్యాంటు ఉతకబోతే మోకాలి దగ్గర నెత్తురు కనిపించింది. ఆ తర్వాత మెడపట్టీ తీసేసి ఛాతీకి వేసే వెడల్పాటి పట్టీ తెచ్చాను, చేతికి చుట్టుకోను అని ఆయనతో అనిపించుకున్నాను.

అన్నిటికన్నా కష్టం భోజనం దగ్గర. నోరులేని జీవం ఎదురుగా చూస్తుంటే నాన్నకు ముద్ద దిగదు. తన కంచంతో పాటే వాడి గిన్నె నిండాలి. తిన్నాక ఇద్దరూ కలిసి నాలుగడుగులు వేసి రావాలి. అంత లోతైన ఛాతీ ఉన్న కుక్క పొట్ట నిండా తిని ఎగిరి గెంతితే లోపల పొట్ట మెలిపడిపోవచ్చని డాక్టరు నాకు మొదటి టీకా రోజే చెప్పాడు. పొట్ట ఉబ్బి, కక్కబోయి కక్కలేకపోతే ఇంట్లో ఏమీ చేయొద్దు, ఆ క్షణం బయల్దేరి వచ్చేయండన్నాడు. ఆ మాట నా గుండెలో ములుకులా ఉండిపోయింది. చివరికి ఒక ఏర్పాటు చేశాను. నాన్న ముందు తిని ఒంటరిగా నడిచి వస్తారు, అంతవరకూ వాడిని గదిలో పెడతాను, ఆయన వచ్చి పక్కన కూర్చున్నాక వాడు తింటాడు. తలుపు వెనక వాడు ఏడ్చే ఏడుపు వింటూ నాన్న పరుగు నడక నడిచేవారు. ఏదైతేనేం, సాగుతోంది కదా అనుకున్నాను. ఆ ఆదివారం దాకా సాగింది.

ఆ ఆదివారం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. పెరట్లో షామియానా వేసి, టెంట్ హౌస్ వాళ్ల జంపఖానా పరిచాం. మా చర్చి సంఘం వాళ్లంతా వచ్చారు. సగం మంది మా అత్త వైపు, ఖుర్సీపార్ వాళ్లే. అత్త అంటే నాన్న చెల్లెలు. ప్రార్థన అయ్యాక మటన్ కూర, అన్నం, పాయసం. మా వాళ్లలో ఒక అలవాటుంది. విందుకు పిలిచిన ఇంట్లో ఎవరి నోరూ ఊరికే ఉండకూడదు. వాడు విస్తళ్ల పక్కన తల వంచుకుని మర్యాదగా నించున్నాడు. వాడికేం పెట్టొద్దని అందరికీ చెప్పాను. అందరూ తలూపారు. తలూపి ఒక్కొక్కరూ ఒక్క ముద్ద పెట్టారు. ఒక్క ముద్దకేమవుతుందని ఎవరికి వారే అనుకున్నారు. ఎంతమంది అలా అనుకున్నారో వాడి పొట్టకే తెలుసు.

నేను గేటు దగ్గర పాస్టరు గారిని సాగనంపుతున్నాను. నాన్న ఆ రోజు పాయసం రెండోసారి కూడా వడ్డించుకున్నారు. షుగరు పెరుగుతుందని భయమేసి నడకకు లేచారు. ఇంటి నిండా జనం, వాడిని ఏ గదిలో పెట్టాలో తెలియలేదు, పైగా గొలుసు నోట పట్టుకుని వాడే ముందు నించున్నాడు. వెనక గుమ్మంలోంచి ఇద్దరూ వెళ్లిపోయారు. మైదానంలో ఎవరో బంతి విసిరారట. వాడు పరిగెత్తాడు, మట్టిలో పొర్లాడు, మళ్లీ పరిగెత్తాడు. ఇదంతా నాన్న తర్వాత నాకు చెప్పిందే.

నేను చూసేసరికి వాడు పెరటి గోడ పక్కన తల దించుకుని నించున్నాడు. కూర్చోడు, పడుకోడు. రెండడుగులు వేసి ఆగి, తన పక్క వైపు తిరిగి చూసుకుంటున్నాడు. మెడ సాచి కక్కబోయాడు. తెల్లటి నురగ తీగలాగా వేలాడింది తప్ప ఏమీ రాలేదు. మళ్లీ అదే. దగ్గరికి వెళ్లి పక్కటెముకల వెనక చెయ్యి వేశాను. డప్పు బిగించినట్టుంది.

"అరగలేదంతే. వాము నీళ్లు కాసిస్తాను, తేన్పొస్తే తగ్గిపోద్ది" అంది అత్త. అప్పటికే పొయ్యి వెలిగించేసింది. చుట్టూ జనం. ఇంగువ నాకించమని ఒకరు, సోడా పట్టించమని ఒకరు. ఒకావిడ వాడి తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ ఒక్కతే ఏ హానీ చేయలేదు. నేను డాక్టరుకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, నేను చెప్పింది సగం విని, పక్క ఊరు దుర్గ్‌లో క్లినిక్ తెరుస్తున్నాను, వెంటనే తీసుకురండన్నాడు.

ఎలా తీసుకెళ్లాలి? అంత బరువును ఏ ఆటోవాడు ఎక్కించుకుంటాడు? అదృష్టం కొద్దీ టెంట్ హౌస్ బండి కుర్చీల కోసం వచ్చి వీధిలో నించుంది. సగం కుర్చీలు ఎక్కించేశారు కూడా. డ్రైవరు చేతులు పట్టుకున్నాను. "భయ్యా, కుర్సియా ఉతార్ దో" అన్నాను. అతను వాడి వైపు ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగకుండా కుర్చీలు రోడ్డు మీదికి దించేశాడు. ప్రార్థనకు పరిచిన జంపఖానా మీదికి వాడిని నడిపించి, నాలుగు మూలలూ మనుషులు పట్టుకుని బండిలోకి ఎత్తారు. ఇందాక ఒక్క ముద్ద పెట్టిన చేతులే అవన్నీ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అప్పుడే వాళ్ల మొహం మీద అనేశాను. దానికి నేనేమీ బాధపడను.

బండి వెనక నేనూ నాన్నా వాడూ. జీఈ రోడ్డు మీద ఆదివారం సాయంత్రం ట్రాఫిక్. బండి ఆగిన ప్రతిచోటా వాడి ఊపిరి ఇంకా పైపైకి వస్తోంది. చిగుళ్లు చూస్తే పాలిపోయి ఉన్నాయి. నాన్న వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి సంచిలోంచి సీసా తీశారు. వాము నీళ్లు. మేం బండి ఎక్కేటప్పుడు అత్త ఆయన చేతిలో పెట్టింది. మూత తిప్పుతుంటే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"పొయ్యొద్దు నాన్నా. లోపలికి దారి మూసుకుపోయింది. ఏం పోసినా చచ్చిపోతాడు."

"నీ సిన్నప్పుడు నీకిదే పోసేను" అన్నారు నాన్న. "బతికేవు కదేటి."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో కోపముంది. ఏదో ఒకటి చేయకుండా ఊరికే కూర్చోవడం ఆయన వల్ల కావడం లేదు. నాకు జాలేసింది, అయినా సీసా లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాను. జన్మలో నాన్న చేతిలో వస్తువు లాక్కోవడం అదే మొదలు. దుర్గ్ చేరేదాకా ఆయన నా వైపు చూడలేదు. వాడి చెవి నిమురుతూ ఉండిపోయారు.

డాక్టరు ముందు నోట్లోంచి పొట్టలోకి గొట్టం దించబోయాడు, దిగలేదు. పక్క మీద వెంట్రుకలు గొరిగి లావు సూది గుచ్చి గాలి తీశాడు. ఆ వాసన, ఆ చప్పుడు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కోసి పొట్టను సరిచేయాలి, బతుకుతాడని మాటివ్వలేనన్నాడు. నాన్న బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన చేయలేదు, ఏడవలేదు. వాడి ఛాతీ పట్టీని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు. నేను ఆయన పక్కన కూర్చుని ఆయన ఊపిరి వింటున్నాను. వాడు పోతే ఈయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటారు, ఈసారి లేవరు. నా భయమంతా అదే.

బతికాడు. మళ్లీ మెలిపడకుండా పొట్ట సంచిని కడుపు లోపలి గోడకు కలిపి కుట్టానని, అయినా ఉబ్బడం పూర్తిగా ఆగుతుందని చెప్పలేమని డాక్టరు చెప్పాడు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, తినడానికి ముందూ తర్వాతా చాలాసేపు పడుకోబెట్టండన్నాడు. నాన్న అంతా విని ఒక్క మాటే అన్నారు.

"అయితే ఇంక నానూ నడవను."

అన్నట్టే మానేశారు. వాడి కుట్లు మానుతున్నాయి, నాన్న షుగరు పెరుగుతోంది. పరీక్ష కాగితం చూపిస్తే మొహం తిప్పుకున్నారు. తను చెప్పులు వేసుకుంటే చాలు వాడు లేచిపోతాడని, తినగానే వాడు లేవడం తను చూడలేనని అన్నారు. గదిలో పెట్టి తలుపేద్దామంటే, కుట్లు తెగేలా తలుపు గీరుతాడన్నారు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, వాడి పొట్ట కుట్టించాం సరే, రేపు నీ కాలు తీసేయాలంటే ఎవరు కుట్టిస్తారు నాన్నా అని అడిగేశాను. నేను ఆ పూట తినకుండానే కొట్టుకు వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం కొట్టు తొందరగా కట్టేసి వచ్చాను. గేటు బయట బండి ఆపి తలెత్తితే పెరటి లైటు వెలుగుతోంది. ఆ రోజు మరకలైన జంపఖానా టెంట్ హౌస్ వాళ్లు వెనక్కి తీసుకోలేదు, అది పెరటి మధ్యలో పరిచి ఉంది. దాని మీద వాడు పడుకుని ఉన్నాడు. పక్కన వాడి గిన్నె ఖాళీగా ఉంది. నాన్న ఉత్తి కాళ్లతో, చెప్పుల చప్పుడు కూడా లేకుండా, వాడి చుట్టూ నడుస్తున్నారు. వాడి తల ఆయన ఎటు వెళ్తే అటు తిరుగుతోంది. వెనకవైపుకు వెళ్లినప్పుడల్లా వాడు ముందుకాళ్లు ఊని లేవబోతున్నాడు. నాన్న ఆగి, వంగి, పక్కటెముకల వెనక చెయ్యి వేసి చూస్తున్నారు. మెత్తగానే ఉన్నట్టుంది, మళ్లీ నడక అందుకున్నారు.

"ఎక్కడికీ ఎళ్లట్లేదురా. ఇక్కడే ఉన్నాను. పడుకో" అన్నారు.

అమ్మ పోయినప్పటి నుంచి ఆ 'ఇక్కడే ఉన్నాను' అన్న మాట ఆయన నోట వినాలని నేనెంత ఎదురు చూశానో అప్పుడు తెలిసింది. గేటు కిర్రుమంటే వాడు లేస్తాడు. నాన్న నడక పూర్తయ్యేదాకా నేను బయటే నించున్నాను.