బొడ్డు దగ్గర ఆగిపోయిన పచ్చబొట్టు

ఖతర్‌లో ఉన్నన్నాళ్ళూ శుక్రవారం నాకు రెండే పనులు. బట్టలుతుక్కోవడం, మధ్యాహ్నం దాకా పడుకోవడం. అలాంటివాణ్ణి ఒక ఏప్రిల్ శుక్రవారం తెల్లవారకముందే లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో పసుపు డబ్బాతో ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంప్ గేటు ముందు నిలబడ్డానంటే దానికి కారణం తవిత.

పేరు చూసి పొరబడకండి. తవిత ఆడపిల్ల కాదు. పసిఫిక్ సముద్రంలో సమోవా అని కొన్ని దీవులున్నాయి, అక్కడివాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. మా కంపెనీలో క్రేన్లకు తాళ్ళు బిగించేవాళ్ళ మీద సూపర్‌వైజరు. నేను స్టోర్‌కీపర్ని కాబట్టి తాళ్ళకీ కొక్కేలకీ రోజూ నా కిటికీ దగ్గరికే రావాలి. సైట్‌లో నేర్చిన హిందీ నాకన్నా ధాటీగా మాట్లాడేవాడు. మా తెలుగువాళ్ళు మొదట్లో "తవితక్కా" అని ఏడిపించేవారు. ఆ మాటకు అర్థం తెలిశాక అతనే నవ్వుతూ పలకడం మొదలుపెట్టాడు, దాంతో ఏడిపించేవాళ్ళకి సరదా పోయింది.

అతని విషయంలో క్యాంపుకి అంతుపట్టని సంగతి ఒకటుండేది. మా స్నానాల షెడ్డులో నీళ్ళకి రోజూ కొట్లాటే. ట్యాంకరు వచ్చి వెళ్ళిన కాసేపటికే కుళాయిలు ఎండిపోయేవి. తువ్వాళ్ళు చుట్టుకుని మేమంతా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే, తవిత గదిలోనే కూర్చుని, అందరూ అయ్యాక అడుగూబొడుగూ నీళ్ళతో తలుపు వేసుకుని స్నానం చేసేవాడు. ఒళ్ళు ఉడికిపోయే ఎండల్లో కూడా లుంగీగానీ నిక్కరుగానీ వేసి ఎరగడు. చర్మవ్యాధి అని కొందరూ, మొక్కు అని కొందరూ అనుకునేవారు.

ఆ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం తవిత స్టోరు మూసే వేళకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చొక్కా పైకెత్తాడు. వీపు దిగువ నుంచి నడుం చుట్టూ నల్లటి పచ్చబొట్టు, చీర అంచులా వరసలు వరసలుగా. మోకాళ్ళ దాకా ఉందని చెప్పాడు. ముందువైపు పొత్తికడుపు మీదికి వచ్చి ఆగిపోయింది. బొడ్డు చుట్టూ జానెడు మేర ఉత్త చర్మం.

వాళ్ళ దగ్గర మగవాడి పచ్చబొట్టు బొడ్డు దగ్గర ముగియాలట. అసలు వేయించుకోకపోతే ఎవరూ ఏమీ అనరు. మొదలుపెట్టి మధ్యలో లేచిపోతే మాత్రం అది మనిషికీ ఇంటికీ కూడా తలవంపులు. తవిత కుర్రతనంలో న్యూజిలాండ్‌లో ఉండేవాడు. అక్కడికి వలసపోయిన వాళ్ళ పిల్లలు అప్పుడప్పుడే మళ్ళీ ఈ పాత పద్ధతి మీద మోజుపడుతున్నారు. ఇతనూ కూర్చున్నాడు. వారాల తరబడి ఓర్చుకుని, ఆఖరి రోజున నొప్పికి తాళలేక లేచి వచ్చేశాడు. ఇప్పుడు వచ్చే నెలలో అతనికి ఇంటి పెద్దరికం కట్టబెడుతున్నారు. ఆ సభలో నడుం పైన బట్ట లేకుండా ఊరందరి ముందూ నిలబడాలి.

"ఇలా నిలబడలేను. పెద్దరికం వద్దని చెప్పేయాల్సిందే," అన్నాడు.

అదృష్టంకొద్దీ, పచ్చబొట్టు వేసే పెద్దాయనొకరు యూరప్ వెళ్ళి ఇంటికి తిరిగిపోతూ దోహాలో దిగారట. ఉత్తరాన అల్ ఖోర్‌లో, సముద్రంలో పనిచేసే డైవర్లు అద్దెకున్న గదిలో ఉన్నారు. శుక్రవారం రాత్రికి విమానం. చర్మం లాగి పట్టడానికీ, తుడవడానికీ ఇద్దరు మనుషులు కావాలి. పసుపు, కొబ్బరినూనె కూడా కావాలి. ఈ దేశంలో అవెక్కడ దొరుకుతాయని తవిత దిగులుపడుతున్నాడు. మా వంటగదిలో పసుపు డబ్బా, ప్రతి మంచం కిందా కొబ్బరినూనె సీసా ఉన్న సంగతి అతనికి తెలీదు పాపం. మనుషుల సంగతే చిక్కు. ఇంజక్షన్ సూది చూస్తేనే నాకు చెమటలు పడతాయి. అందుకే ధైర్యానికి మల్లయ్యని వెంటపెట్టుకున్నాను.

మల్లయ్యది జగిత్యాల వైపు. ప్లాస్టరింగ్ మేస్త్రీ, ఇనప చేతులు. అతని ముంజేతి మీద ఒక పాత పచ్చబొట్టు ఉంది. పట్టకారుల్లాంటి రెండు చేతులు, కాళ్ళు, సగం ఒళ్ళు. తోక లేదు. క్యాంపంతా దాన్ని రొయ్య అనేవారు, అతన్ని రొయ్య మల్లయ్య అనేవారు. అందుకని ఎప్పుడూ నిండు చేతుల చొక్కాయే వేసేవాడు.

అయిదు దాటాక సుబ్బరాయుడి పికప్ వచ్చింది. ఇతనిది రాయచోటి. అల్ రయ్యాన్‌లో ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. వాళ్ళకి అల్ ఖోర్ దగ్గర గొర్రెల దొడ్డి ఉంది, శుక్రవారం శుక్రవారం గడ్డిమోపులు వేసుకుని వెళతాడు. తలకి పది రియాళ్ళు, రానూపోనూ.

"మా కఫీల్ మంచోడే సారూ," అన్నాడు తన యజమాని గురించి, బండి తిప్పుతూ. "సాయంత్రం మగ్రిబ్ నమాజుకంతా బండి ఇంటికాడ ఉండాల. ఆలస్యమైతే మిమ్మల్ని యాడున్నోళ్ళని ఆడే ఇడిసిపెట్టి పోతా, తర్వాత ఏమనుకోవద్దు."

తవిత, మల్లయ్య వెనక గడ్డి మీదికెక్కారు. నేను చొక్కా నలుగుతుందని ముందు కూర్చున్నాను. మీలో ఎవరైనా ఆ దారిన వెళితే నాలాగా ముందు సీటుకి ఆశపడకండి. పొద్దున ఉత్తరానికి పోయేటప్పుడు ఎండంతా కుడి కిటికీలోనే. గంటసేపు నేను అప్పడంలా వేగుతుంటే, వెనకవాళ్ళిద్దరూ మోపుల నీడన హాయిగా కునికారు. దారికి రెండువైపులా చూడ్డానికేమీ లేదు. ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఒంటెలు. ఊరి మొదట్లో ఒక మలయాళీ హోటల్లో ఆగి పరోటాలూ, కోడిగుడ్డు కూరా తిని చాయ్ తాగాం. నలుగురికీ కలిపి పదకొండు రియాళ్ళు. మధ్యాహ్నానికి కూడా అక్కడే పొట్లాలు కట్టించాం. శుక్రవారం నమాజు వేళకి అంగళ్ళన్నీ మూసేస్తారు, ఈ సంగతి గుర్తుంచుకోండి.

సుబ్బరాయుడు మమ్మల్ని చేపల రేవు వెనక దింపి దొడ్డికి వెళ్ళిపోయాడు. డైవర్ల గదిలో ప్లాస్టిక్ చాప పరిచి ఉంది. పెద్దాయన అంటే తవితకి అన్నలాంటి భారీ మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే బక్కపల్చగా, కళ్ళజోడు పెట్టుకుని, మా ఊరి పోస్టుమాస్టరులా ఉన్నాడు. బిస్కట్ల డబ్బా తెరిచి సామాను చూపించాడు. అడవిపంది కోరతో చేసిన చిన్న చిన్న దువ్వెనలు, వాటికి పొడుగాటి పిడి, కొట్టడానికి ఒక కర్ర. ఆయన మాటని తవిత హిందీలో చెపుతుంటే మేమిద్దరం వింటున్నాం. ఒకప్పుడు ఆ సముద్రంలోని దీవులన్నిటా ఈ పనివాళ్ళుండేవారట. పాదిరీలు వచ్చి పాపమని మాన్పించేసరికి చాలా దీవుల్లో దువ్వెన పట్టే చెయ్యే లేకుండా పోయింది. సమోవాలో మాత్రం మానలేదు. ఇప్పుడు మిగతా దీవుల పిల్లలు మా తాతలు వేయించుకున్నది మాకూ కావాలంటూ వెతుక్కుంటూ వస్తున్నారట. "నాకీ వయసులో ఇంటిపట్టున ఉండే యోగం లేదు," అన్నాడాయన, కానీ ఆ చెప్పడంలో సంతోషమే కనబడింది.

తవిత చాప మీద పడుకున్నాడు. పెద్దాయన దువ్వెన తీయబోతూ ఆగి, ఏదో అడిగాడు. తవిత తల తిప్పేసుకున్నాడు. మళ్ళీ అడిగాడు. తవిత చిన్నగా ఏదో చెప్పాడు. పెద్దాయన డబ్బా మూత పెట్టేశాడు.

సంగతేమిటంటే, ఈ పచ్చబొట్టు ఒక్కడికి వేయరట. ఎప్పుడూ ఇద్దరు కూర్చోవాలి, ఒకడి తర్వాత ఒకడు. బహ్రెయిన్‌లో పనిచేసే తవిత పినతండ్రి కొడుకు జతగా రావలసింది. అతనికి సెలవు దొరకలేదని నిన్ననే ఫోనొచ్చింది. ఎలాగో ఒప్పించుకోవచ్చులెమ్మని తవిత ఆ మాట పైకి చెప్పలేదు. పెద్దాయన కోపంగా లేడు, మెత్తగానే చెప్పాడు. తవిత ఒక్కో మాటా మింగుతూ మాకు హిందీలో వినిపించాడు. "ఒంటరిగా నొప్పి పడ్డవాడు లేచి పారిపోతాడు. నువ్వు ఒకసారి పారిపోయావు. నీ పక్కన కూర్చునేవాడు లేనిదే నేను కర్ర పట్టను."

అంత మనిషీ చాప మీద లేచి కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. గంటన్నర ప్రయాణం, పసుపు డబ్బా, ఇస్త్రీ చొక్కా, అన్నీ వృథాయేనా అనుకున్నాను. నేను కూర్చుంటానని అనడానికి నోరు రాలేదు. సూదుల సంగతి ముందే చెప్పాను కదా.

అప్పుడు మల్లయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నాది గూడ సగమే ఉన్నది సారూ," అన్నాడు. "సూడుమను ఆయనను."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు వేశారు, ఎందుకాగింది అని అడిగాడు. మల్లయ్య చెప్పాడు. చిన్నప్పుడు జాతరలో వాళ్ళమ్మ పచ్చబొట్టు పొడిచే ఆమెకి జొన్నలు కొలిచి కూర్చోబెట్టిందట. తేలు కావాలని తనే అడిగాడట. తోక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి విడిపించుకుని జనంలో పడి పారిపోయాడు. మనిషి పోయాక వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేనని వాళ్ళమ్మకి గట్టి నమ్మకం. సగం తేలుతో పైకెట్ల పోతవురా అని తిట్టేదట. ఇన్నేళ్ళలో క్యాంపులో ఎవరికీ చెప్పని ముక్క అది. ఇదంతా తవిత నోట విన్న పెద్దాయన నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మా దగ్గరా పెద్దవాళ్ళు అదే మాటంటారన్నాడు. ఇద్దరూ పారిపోయినవాళ్ళే, ఇంతకన్నా మంచి జత దొరకదన్నాడు. డబ్బా మూత మళ్ళీ తెరుచుకుంది.

పని మొదలైంది. టక్ టక్ టక్ అని, కంసాలి సుత్తి చప్పుడు. నేనూ మల్లయ్యా చెరోపక్కా చర్మం లాగి పట్టాం. కొంతసేపు నేను గోడకేసి చూస్తూనే పట్టాను. వేయించుకునేవాడికి నొప్పి తెలియకుండా పక్కవాళ్ళు పాడాలట. నా గొంతు సంగతి తెలిసినవాణ్ణి కనక ఊరుకున్నాను. మల్లయ్య నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడే పాటలెత్తుకున్నాడు. ఒకటయ్యాక ఒకటి, ఎక్కడ దాచుకున్నాడో అన్ని పాటలు. చాప అంచు గుప్పిట్లో నలిపేస్తూ కూడా తవిత వాటికి కాలి వేళ్ళతో తాళం వేశాడు.

నమాజు పిలుపు వినిపించే వేళకి బొడ్డు ఒక్కటే మిగిలింది. పెద్దాయన ఆగిపోయాడు. ముందు జతగాడిది కావాలి, ఆ తర్వాతే బొడ్డు. వేరే దువ్వెన తీసి, మల్లయ్యని కూర్చోమని చెయ్యి చూపించాడు.

మల్లయ్య కూర్చున్నాడు గానీ, చూపంతా తలుపు మీదే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. బయట రేవు, పడవలు, కావలసినంత చోటు. తవిత ఊపిరి బిగబట్టి అతన్నే చూస్తున్నాడు. ఇతను లేచాడంటే అతని బొడ్డూ పోయినట్టే, పెద్దరికమూ పోయినట్టే.

"సారూ, జర తలుపుకు గొళ్ళెం పెట్టుండ్రి," అన్నాడు మల్లయ్య.

పెట్టాను. పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను కూడా. తవిత పాకుతూ వచ్చి మల్లయ్య చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, తన భాషలో పాడాడు. అంత లావు గొంతులోంచి అంత మెత్తటి పాట వస్తుందని నేననుకోలేదు. పెద్దాయనకి తేలు వెయ్యడం రాదు, వాళ్ళ పచ్చబొట్లలో తేలే లేదు. తోక ఎటు వంగాలో మల్లయ్య ఎడమ చేతి వేలితో గాల్లో గీసి చూపిస్తే, ఆయన తవిత నడుం మీదున్న చిన్న చిన్న బాణపు మొనల్నే వంపు తిప్పి పేర్చుకుంటూ పోయాడు. మల్లయ్య కళ్ళు మూసుకున్నాడు, పళ్ళు బిగించాడు, వాళ్ళమ్మని తలుచుకున్నాడు. లేవలేదు. చివర కొండి దగ్గర ఆఖరి దెబ్బ పడ్డాక కళ్ళు తెరిచి, తేలు వంక చాలాసేపు చూసుకున్నాడు.

"అయిపోయిందా?" అని మాత్రం అడిగాడు.

తవిత బొడ్డు చుట్టూ గీత తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. అది ముగిశాక పెద్దాయన ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి తలల మీదా చెరో కోడిగుడ్డు పగలగొట్టి, కొబ్బరినూనెలో పసుపు కలిపి ఒళ్ళంతా రాశాడు. కోడిగుడ్డు ఒక్కటి తప్ప అచ్చం మన పెళ్ళికొడుకుల్ని చేసినట్టే ఉంది. నేను ఉండబట్టలేక ఆయన చేతిలోని గిన్నె తీసుకుని, మా ఇళ్ళలో రాసినట్టు పాదాలకీ, బుగ్గలకీ కూడా రాశాను. తవిత ఏడుస్తున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. నా ఇస్త్రీ చొక్కా పసుపు మరకలతో పనికిరాకుండా పోయింది.

మూడింటికి సుబ్బరాయుడు హారన్ కొట్టాడు. పెద్దాయన దగ్గర సెలవు తీసుకుని బయటికొస్తే, పసుపు పూసుకున్న ఇద్దర్నీ చూసి అతను నోరు వెళ్ళబెట్టాడు. "ఏం సారూ, ఇద్దరికీ పెండ్లి చేసినారా?" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఎండ తిన్న బుద్ధితో ఈసారి నేనూ వెనక్కే ఎక్కాను. మోపులు దించేయడంతో ఇప్పుడు నీడ లేదన్న సంగతి బండి కదిలాక తెలిసింది. అయినా బాగానే గడిచింది. మల్లయ్య దారి పొడుగునా చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, గాలి తగలనిస్తూ కూర్చున్నాడు. మిగిలిన పరోటాలు ముగ్గురం పంచుకున్నాం. ఊరు ఏదైనా, దేవుడు ఎవరైనా, పక్కన ఇంకొకడు కూర్చుంటే తప్ప మనిషి నొప్పిని దాటలేడని నాకు ఆ బండిలో అనిపించింది. ఆ రోజు నేను చేసినదల్లా ఒక తలుపు గొళ్ళెం పెట్టడం. అయినా నాకు గర్వంగానే ఉంది.

సుబ్బరాయుడు మగ్రిబ్‌కి చాలా ముందే మమ్మల్ని గేటు దగ్గర దింపి రయ్యాన్ దారి పట్టాడు. అప్పుడే నీళ్ళ ట్యాంకరు వెళుతోంది. స్నానాల షెడ్డు దగ్గర రోజూలాగే అరుపులూ తోపులాటా. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాను, తువ్వాలు తెచ్చుకుందామని గదికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి అక్కడ ఎవరూ అరవడం లేదు. మొట్టమొదటి కుళాయి కింద, మోకాళ్ళ పైకి తువ్వాలు చుట్టుకుని, తవిత నిలబడి ఉన్నాడు. నడుం మీదుగా బొడ్డు దాకా పచ్చబొట్టు తళతళలాడుతోంది. బకెట్ల మీద బకెట్లు దిమ్మరించుకుంటున్నాడు. పక్క కుళాయి దగ్గర మల్లయ్య, తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని, "రొయ్య గాదురా, సూడుండ్రి, తేలు," అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

నా వంతు వచ్చేసరికి కుళాయిలో గాలి తప్ప ఏమీ రాలేదు. రెండేళ్ళుగా తవిత సర్దుకున్న అరబకెట్టు ఆ సాయంత్రం నాకు మిగిలింది. దాంతోనే హాయిగా స్నానం చేశాను.