అంతరిక్షానికి మూడో కొటేషను

ఇది మనిషిని ఆకాశానికి పంపే మహాగాథ. ఇందులో రెండు మహాశక్తుల పోరు ఉంది. చివర్లో ఒక విజేత కూడా ఉన్నాడు.

సరే, అంత లేదు. ఇది ఒక కుర్చీ కథ. ఆ కుర్చీ కూడా నేల మీదే ఉంటుంది.

టి. నగర్‌లో చీరలకు ఫాల్స్ కుట్టే కొట్టు పైన, రెండో అంతస్తులో ఉన్న ఒక అంతరిక్ష కంపెనీలో నేను పనిచేసేవాణ్ణి. మొత్తం నలుగురం. మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో చీర ఉండేది. మా బాసు విజయవాడ నుంచి వచ్చినవాడు. "మనిషిని పైకి పంపడం గవర్నమెంటు వల్ల కాదు బ్రో. ఫైలు ఈ టేబుల్ మీంచి ఆ టేబుల్ మీదకి వెళ్లేలోపు మనం చంద్రుడి మీద టీ తాగి వచ్చేయొచ్చు," అనేవాడు. అప్పటికి మా ఆఫీసు ఫ్యాను బాగుచేయించే విషయం మూడు వారాలుగా ఆయన పరిశీలనలో ఉంది.

మేం చేసేది వ్యోమగాములు వెల్లకిలా పడుకున్నట్టు కూర్చునే కుర్చీ. నమూనా ఒకటి తయారయ్యేసరికి డబ్బు అయిపోయింది. ఈ నెల జీతాలిచ్చాక ఇక తాళమేనని బాసు చెప్పేశాడు. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కణ్ణే. కాబట్టి ఆ కుర్చీ మీద మానవజాతి కన్నా నాకే ఎక్కువ ఆశ.

ముందు ప్రైవేటు శక్తి దగ్గరికి వెళ్లాం. ఆ శక్తి సౌకార్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో, తెల్లటి పరుపు మీద కూర్చుని ఉంది. బాసు ల్యాప్‌టాప్ తెరిచి ఆయన్ని అంగారకుడి దాకా తీసుకెళ్లాడు. పెద్దాయన ఓపిగ్గా వెళ్లొచ్చి, "కొనేదెవరు?" అన్నాడు.

"ముందు ముందు ప్రపంచమంతా సార్."

"ఇప్పుడు?"

"గవర్నమెంటు."

"అయితే వాళ్ల ఆర్డరు కాగితం తీసుకురా. ఆ రోజే డబ్బు పెడతాను."

అలా గవర్నమెంటును నమ్మని మా బాసు, ప్రైవేటు డబ్బు కోసం గవర్నమెంటు కాగితానికి బయల్దేరాడు. నాకు నవ్వొచ్చింది కానీ జీతం అడ్డొచ్చింది.

వ్యోమగాముల శిక్షణ గదికి అలాంటి కుర్చీ ఒకటి కావాల్సిన గవర్నమెంటు ఆఫీసు దొరికింది. అక్కడి అధికారి మంచివాడు. కుర్చీలో పడుకుని కూడా చూశాడు. "బాగుంది. కానీ ఒక్క కొటేషనుతో కొనలేం. మూడుండాలి," అన్నాడు.

"ఇలాంటిది ఈ ఊళ్లో చేసేది మేమొక్కరమే సార్."

"అది మీ గొప్ప. ఫైలుకు మూడు కావాలి."

మిగతా రెండూ మా రేటు కన్నా ఎక్కువ వేయించి, వేరేవాళ్ల పేరుతో తెచ్చే పని నా నెత్తిన పడింది. తప్పే. ఆఫీసులకు బల్లలూ బీరువాలూ కొన్నప్పట్నుంచీ జరుగుతున్న తప్పు. ఒకటి నా స్నేహితుడు తన కంపెనీ పేరు మీద మా రేటుకు రెట్టింపు వేసి ఇచ్చేశాడు. రెండోదానికి పెరంబూరులో మామ దగ్గరికి వెళ్లాను. మామంటే మా నాన్న స్నేహితుడు. కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రైలు సీట్లు కుట్టి రిటైరయ్యాడు. ఇప్పుడు స్టేషను దగ్గర కొట్టు పెట్టుకుని ఆటో సీట్లు కుడుతున్నాడు.

డ్రాయింగు తిప్పి తిప్పి చూశాడు. "ఈడ ఎవురు కూసుంటారబ్బా?"

"వ్యోమగామి."

"ఎంతసేపు?"

"మూడు గంటలు."

"మూడు గంటలకా ఇంత హంగామా? మా సీట్లలో జనం హౌరా దాకా పోతారు."

"నువ్వు చేయక్కర్లేదు మామా. ఊరికే ఒక రేటు రాసియ్యి. బాగా ఎక్కువగా."

"సరి, సరి. రేపు రా."

మర్నాడు సీలు వేసిన కవరిచ్చాడు. సీలు విప్పకూడదని రూలు. అంత అన్యాయంలో ఆ ఒక్క న్యాయం పాటించాను.

ఆఫీసులో కవర్లు తెరిచారు. మామ రేటు మా రేటులో అయిదో వంతు. ఫోము, రెక్సిను, దారం, రెండు రోజుల కూలి అని విడివిడిగా రాశాడు. పూర్వానుభవం అన్న చోట "రైలు పెట్టెలు" అని ఉంది. ఆర్డరు ఆయనకే పోయింది.

"ఎక్కువ వెయ్యమన్నాను కదా మామా."

"సర్కారు సీటుకి దొంగ రేటు రాయాలంటే చెయ్యి రాలా. అయినా నీ కోసరం ఆటో చార్జీ కలిపినాలే."

సౌకార్‌పేట పెద్దాయన ఈ సంగతి విని, మామ అడ్రసు అడిగాడు. వెళ్లి డబ్బు పెడతానన్నాడట. మామకు ఆ డబ్బుతో ఏం చేయాలో తోచక, ఆయన స్కూటరు సీటు కుట్టి పంపించాడు.

నెలాఖరుకి మా కంపెనీకి తాళం పడింది. బాసు బెంగళూరు వెళ్లిపోయాడు. గవర్నమెంటు వల్ల కాదన్న మాట అక్కడింకా కొత్తగానే ఉంటుందని ఆయన నమ్మకం. నేను తాళం చెవి ఓనరుకిచ్చేసి పెరంబూరు వెళ్లి కూర్చున్నాను.

"మొగం అట్టా పెట్టొద్దు," అన్నాడు మామ. "ఆర్డరు కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాయి. ఆ బొమ్మ కూడా నీకే తెలుసు. రేపట్నించి ఈడికి రా."

జీతం కొంచెం తక్కువ. ఫ్యాను మాత్రం తిరుగుతుంది. కుర్చీ పోయిన వారం పూర్తయింది. డెలివరీ ఆ ఆఫీసు రెండో నంబరు గేటు దగ్గర తీసుకుంటారు. ఒంటిగంట నుంచి రెండు దాకా భోజనాలకని ఆ గేటు మూసి ఉంటుంది.