చింతపండుతో తోమిన తూటాలు

కెనడాలోని ఒషావాలో మా పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. జింకల వేటకి ఆయన వాడేది త్రీ నాట్ త్రీ తూటా. చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ సెంట్రీ దగ్గర చూసిందే. ఇంకా అదేనా అని నవ్వాను. రెండేళ్లకో ఫోన్ మార్చేవాణ్ణి మరి.

"భుజాన్ని పెద్దగా తన్నదు. ఈ అడవిలో జింకకి ఇంతకంటే అక్కర్లేదు," అన్నాడు.

కాల్చాక మిగిలే ఇత్తడి గుల్లల్ని ఆయన పారేయడు. మళ్లీ మందు నింపి, గుండు బిగించి వాడతాడు. ఇప్పుడు షాపుల్లో అవి సరిగ్గా దొరకవట. ఆ గుల్లలు మసిబారి నల్లగా ఉన్నాయి. నల్లబడ్డ ఇత్తడిని చూస్తూ ఊరుకునే వంశం కాదు మాది. అడిగి తెచ్చి, చింతపండు పెట్టి తోమాను.

"పూజ సామాను ఏనాడైనా ఇంత శ్రద్ధగా తోమారా మీరు?" అంది మా ఆవిడ.

అక్టోబర్‌లో గురి సరిచూసుకోడానికి ఆయన షూటింగ్ రేంజ్‌కి వెళ్తుంటే నేనూ వెళ్లాను. గాలి లేకపోయినా పండిన బర్చ్ చెట్ల ఆకులు రాలుతూనే ఉన్నాయి. నేల, వెలుతురు, మా చేతులు కూడా పసుప్పచ్చగా అనిపించాయి. ఆయన పేల్చి తుపాకీ బోల్టు వెనక్కి లాగాడు. నేను తోమిన గుల్ల బంగారంలా మెరుస్తూ ఎగిరి, ఆకుల్లో పడి, ఆకైపోయింది.

మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరం చాలాసేపు వెతికాం. మెరిసిందల్లా ఆకే. నా మీద నాకే ఒళ్లు మండింది. ఆయన మాత్రం నిద్రపోయే పిల్లల దుప్పటి సర్దుతున్నట్టు ఆకుల్ని మెల్లగా జరుపుతున్నాడు.

"నల్లగా ఉన్నన్నాళ్లూ ఒక్కటి కూడా పోలేదు," అన్నాడు.