కాశయ్య చెప్పే రేపటి సంగతులు

మరైగూడ సంతలో నా మిరపకాయ బజ్జీల పొయ్యి పక్కనే కాశయ్య కుట్టుమిషన్ ఉంటుంది. నా నూనె పొగకు కళ్లు మండుతున్నాయని ఆయన గొణుగుడు, ఆయన గుడ్డపీలికలు ఎగిరొచ్చి నా పిండిలో పడుతున్నాయని నా గోల. ఇన్నేళ్లుగా పోట్లాడుకుంటూనే ఉన్నాం. ఒక్క వారం ఆయన రాకపోతే మాత్రం నాకు బేరం మీద మనసు నిలవదు.

కాశయ్య దర్జీయే గానీ, జనం ఆయన దగ్గరకు వచ్చేది సగం బట్టలకు, సగం రేపటి సంగతులకు. చెయ్యి చూడడు, పంచాంగం విప్పడు. దారం, గుండీలు కొనడానికి భద్రాచలం పోతాడు, అప్పుడప్పుడు కిరండూల్‌లో బావమరిది ఇంటికి పోతాడు. రెండు చోట్లా కళ్లింత చేసుకుని చూసి వస్తాడు.

"భద్రాచలంల ఇయ్యాల ఏం నడుస్తదో రెండు మూడేండ్లకు మన కాడ అదే నడుస్తది. రాసి పెట్టుకో చెల్లె" అంటాడు. నాకు రాయడం రాదని తెలిసీ అంటాడు, అదీ ఆయన కొంటెతనం.

ఆడవాళ్లు నైటీలు వేసుకుని బోరింగు దగ్గరకు వస్తారని ఆయన అన్నప్పుడు సిగ్గులేదా అని అందరం తిట్టాం. ఇప్పుడు నైటీ మీద తువ్వాలు కప్పుకుని బోరింగు కొట్టేది నేనే. సంతలో చిల్లర గలగల తగ్గి, డబ్బు పడిందని చెప్పే ఫోన్ల గొంతు వినబడుతుందన్నాడు, అదీ జరిగింది. తప్పినవీ ఉన్నాయి, వాటిని నేను మరవనివ్వను. కరోనా పోయినా జనం మూతికి గుడ్డ లేకుండా తిరగరని చెప్పి బస్తాడు మాస్కులు కుట్టాడు. ఆ బస్తా ఇప్పుడు నా దగ్గరుంది. వేడి బాణలి దించడానికి రెండేసి మడిచి వాడుతున్నాను.

ఆయన జోస్యాలన్నిటిలో నాకు కడుపు మండించింది రామతులసి గురించి చెప్పింది. రామతులసి ఆయన తమ్ముడి కూతురు. తల్లీ తండ్రీ పోతే ఈయనే పెంచాడు. ఆ పిల్లకు కుట్టుపని అంటే ప్రాణం. పన్నెండో తరగతి అయిపోగానే మిషన్ మీద కూర్చుంటానంది. ఈయన ససేమిరా అన్నాడు.

"ఇగ దర్జీలుండరు బిడ్డా. బట్టలు ఫోన్ల కొంటరు, బండి ఇంటికి తెచ్చిస్తది. ఈ మిషన్ నాతోనే పోతది. నువ్వు సుక్మా పోయి కంప్యూటర్ నేర్చుకో."

"నాకు కంప్యూటరొద్దు పెద్దనాయినా" అంది ఆ పిల్ల.

అంతే, ఆ రోజు నుంచి కాశయ్య కత్తెరను ఇంట్లో పెట్టడం మానేసి, ఆమె చేతికి చిక్కకుండా భుజం సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు. వానలు పడగానే కోర్సులో చేర్చాలని సుక్మాలో మాట్లాడి కూడా వచ్చాడు. ఒళ్లు మండి అడిగేశాను.

"ఆ పిల్ల చేతిల పనున్నది అన్నా. కండ్లు లెవ్వా నీకు?"

"ఉన్నయి గనుకనే చెప్తున్న. నా నడుం చూడు, ఎండల కూసొని కూసొని ఎట్లయిందో. దానికెందుకు చెల్లె ఈ బతుకు?"

అంత ప్రేమతో మొండికేసే మనిషిని ఎంతని తిడతాను?

ఈలోగా ఆయన చెప్పిందే జరిగింది. పార్శిల్ బండి మా ఊరి రోడ్డెక్కింది. ఫోన్లో కొన్న బట్టలు తెచ్చేది కోంటా నుంచి వచ్చే కమలేష్. కాశయ్య నడకలో దర్జా వచ్చేసింది, రామతులసి ముఖం మాత్రం వాడిపోయింది.

అంతలో విత్తనాల పండుగ వచ్చింది. విత్తనం నేలలో పడకముందు మా దగ్గర ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి నిలబడతారు. ఆ దారిన వచ్చిన మగవాడు వాళ్లడిగింది ఇస్తేనే తాడు దించుతారు. ఆ రోజు కాదంటే విత్తనం సరిగా మొలవదని నమ్మకం. ఈసారి తాడు ఒక కొస మా పక్కింటి మంగ్లీ చేతిలో, ఇంకో కొస రామతులసి చేతిలో ఉంది. పెద్దరికం వెలగబెడుతూ నేను పక్కన ఉన్నాను. తాడు మధ్యలో ఆడవాళ్ల సంఘం స్కానర్ అట్ట వేలాడుతోంది. తాడుకు స్కానర్ కడతారని కాశయ్య నిరుడే చెప్పి అందరినీ నవ్వించాడు.

కమలేష్ బండి ఆపి, నవ్వుతూ స్కాన్ చేసి, మంగ్లీ పార్శిల్ ఆమెకిచ్చి వెళ్లిపోయాడు. మంగ్లీ ఆగలేక అక్కడే విప్పి, కొత్త జాకెట్టు ఒంటి మీది బట్టల పైనుంచే తొడుక్కుంది. జాకెట్టు భుజాలు మోచేతుల దాకా జారాయి. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు, మంగ్లీకి ఏడుపొక్కటే తక్కువ.

సరిగ్గా అప్పుడే కాశయ్య సంచి వేసుకుని వచ్చాడు. తాడు లేచింది.

"ఏం గావాలె చెప్పుండ్రి" అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలొద్దు పెద్దనాయినా, కత్తెర గావాలె" అంది రామతులసి.

కాశయ్య నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"ఫోన్ల బట్టలొస్తయన్నవ్, వచ్చినయ్. సరిపోయినయా సూడు" అంది ఆ పిల్ల. తాడు మాత్రం దించలేదు.

కాశయ్య మంగ్లీ భుజం చూశాడు. దర్జీ చెయ్యి ఊరుకుంటుందా, కుట్టు దగ్గర గుడ్డ పట్టి చూసి "రెండు వేళ్లు లోపలికి పట్టాలె" అన్నాడు.

"ఒక్క వేలు చాలు. రెండు పడితే చెయ్యి లేవదు. వానలు పడితే నాట్లెయ్యాలె గద ఆమె."

కాశయ్య ఆ కుట్టును ఒక్క వేలు లోపలికి మడిచి, మంగ్లీ చెయ్యి పైకెత్తించి చూశాడు. తర్వాత సంచి విప్పి, కత్తెర తీసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాడు.

"ఎండల మాత్రం కూసోవద్దు. పెద్ద గొడుగు తెస్త."

తరువాతి సంతకు గొడుగు వచ్చింది. దాని కింద మిషన్ మీద రామతులసి, చుట్టూ పార్శిల్ బట్టలు పట్టుకున్న జనం. నా నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని కాశయ్య హుక్కులు కుడుతున్నాడు. ముసలి బిజ్జా వచ్చి ఎప్పటిలాగే అడిగాడు.

"రేపు ఇంకేమొస్తది కాశయ్యా?"

"నన్నడుగుతవేంది? మిషన్ మీద కూసున్నది గద, ఆమెనడుగు."

అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నా నూనె పొగ వల్లేనట. పొయ్యి నేనింకా ముట్టించనే లేదు. అయినా ఆ ఒక్కసారికి పోట్లాడలేదు.