చిన్నమ్మ తాగని నీళ్లు

మొన్న రాప్తాడు దగ్గర ఒక ఊళ్లో నీటి సర్వేకు కూర్చున్నాం. అరుగు మీద ఉన్నవి: నేను, ఒక ట్యాబు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, పదకొండు మంది మగవాళ్లు, ఎవరూ ముట్టని టీ ఫ్లాస్కు. ట్యాంకరు వచ్చిందని ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని వెళ్లారు. ఇంటికి రోజుకు ఎన్ని లీటర్లో ట్యాబులో రాస్తే, మనుషుల సంఖ్యతో భాగించి తలకెంతో అదే చెబుతుంది. ఆ భాగహారం చూడగానే మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

డిప్లొమా ముగిసిన ఏడాది, ఆగస్టులో ఆమె ఇంట్లో నెలరోజులున్నాను. వాన మొహం చాటేసింది. చిన్నాయన బెంగళూరుకు కాంక్రీటు పనికి పోయాడు. వాడిపోతున్న వేరుశనగ చేను, పాలిచ్చే ఎనుములు రెండు, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త, అన్నీ చిన్నమ్మ మీదే. రోజుకు ఎనిమిది బిందెలు, బిందెకు పదిహేను లీటర్లు, నాతో కలిపి అయిదుగురం. తలకు ఇరవై నాలుగని రాసి చూపించాను.

"ఇంత చదివి, ఎనుములకు తలల్లేవనుకున్నావా అప్పా?" అని నవ్వింది.

అప్పటికే ఆమెకు నడుము పక్కన నొప్పి. మూత్రపిండంలో రాళ్లున్నాయి, రోజుకు మూడు లీటర్లు నీళ్లు తాగకపోతే మూత్రపిండమే పోతుందని అనంతపురం డాక్టరు చెప్పాడు. నేను ఒక పెద్ద సీసా మీద గంటకొక గీత చొప్పున గీసి, నీళ్లు నింపి, కలుపుతీతకు వెళ్లేటప్పుడు చేతికిచ్చాను. సాయంత్రం సీసా నిండుగానే తిరిగొచ్చింది. కోపంగా అడిగాను.

"తాగితే మళ్ల యాడికి పోవల్ల? మరుగుకు కంపచెట్లుండె. పంటలు పోయినాక బొగ్గులకని అన్నీ నరికేసినారు. మగోళ్లకేమి, గట్టుకు తిరిగి నిలబడతారు."

నాలుగు కర్రలు పాతి పాత చీర కడతానన్నాను.

"కట్టు. ఎవురు ఎన్నిసార్లు పోతాండారో ఊరంతా లెక్కపెడతారు" అని ఎనుములకు కుడితి పెట్టడానికి లేచింది.

నేను చీర కట్టలేదు. కట్టివుంటే ఏమయ్యేదో తెలియదు. వాన లేని ఏడాదిని మిల్లీమీటర్లలో రాయడం నాకు నేర్పారు. అది ఒక మనిషి ఒంట్లో ఎన్నేళ్లు ఉండిపోతుందో రాయడానికి గడి ఎక్కడా చూడలేదు. రెండేళ్ల తరువాత కుడివైపుది తీసేశారు. చిన్నమ్మకు ఇప్పుడు నలభై ఆరేళ్లు. మూత్రపిండం ఒకటి.