అడగకుండా కత్తిరించే మనిషి

సెలూనాయన ముప్పయ్యెనిమిదేళ్ళ సర్వీసులో ఎవరినీ "ఎలా కత్తిరించమంటారు?" అని అడిగిన పాపాన పోలేదు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే ఒక్క చూపు చూస్తాడు. నుదురెంత, చెవులెక్కడున్నాయి, సుడి ఎటు తిరిగింది, అంతే. కుర్చీలో కూర్చునేసరికి ఆ తల ఎలా ఉండాలో ఆయన బుర్రలో ఖాయమైపోతుంది. కొత్తవాడెవడైనా "పక్కన కొంచెం పొట్టిగా..." అని నోరు విప్పితే తల పట్టుకుని ముందుకి వంచేస్తాడు. వంచిన తల ఎక్కువ మాట్లాడలేదు. పని నేర్పిన పెద్దాయన చిన్నప్పుడే ఒక మాట చెప్పాడు, "అడిగి చేసేవాడికి పని రాదురా" అని. మన మనిషికి అదే వేదం.

ఆ లెక్కన, సోమవారం పొద్దున ఆస్పత్రిలో డాక్టరమ్మకి పని రాదని ఆయనకి తేలిపోయింది.

మూడేళ్ళ కిందట ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సరని తెలిసింది. తెలిసేసరికే ఎముకల్లోకి పాకింది. మూడు నెలలకో హార్మోన్ ఇంజక్షన్ వేయించుకుంటే రక్తపరీక్షలో అంకె దిగింది, ప్రాణం కుదుటపడింది. ఇంజక్షన్‌తో పాటు ఆవిర్లు కూడా పట్టుకున్నాయి. ఉన్నట్టుండి ఒళ్ళంతా కుతకుతలాడి చొక్కా తడిసిపోయేది. భార్య అది చూసి, "నలభై తొమ్మిదో ఏట నేను విసనకర్ర పట్టుకుంటే నవ్వావు. ఇప్పుడు విసురుకో" అనేది, అంటూనే ఫ్యాను ఆయన వైపు తిప్పేది. ఇప్పుడు ఆ అంకె మళ్ళీ ఎక్కుతోంది. స్కానింగులో రెండు కొత్త మచ్చలు కనిపించాయి, ఒకటి తుంటి ఎముక మీద, ఒకటి నడుం కింద వెన్నుపూస మీద. ఇంజక్షనొక్కటే ఇక ఆపలేదన్నమాట.

డాక్టరమ్మ కాగితం తిరగేసి, మధ్యలో గీత గీసి, ఓపిగ్గా చెప్పింది. ఒక పక్క మాత్రలు. రోజూ ఇంట్లోనే వేసుకోవచ్చు, నీరసం వస్తుంది, బీపీ చూసుకుంటూ ఉండాలి. రెండో పక్క కీమో. మూడు వారాలకోసారి, ఆరు విడతలు. జుట్టు ఊడుతుంది, ఒంట్లో శక్తి తగ్గుతుంది, కొందరికి వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి.

"మీ విషయంలో ఏది ముందు వాడినా తప్పు లేదు. నొప్పి ఉంటే మాత్రం నేను కీమో వైపే మొగ్గుతాను. నొప్పేమైనా ఉందా?"

"అబ్బే, లేదమ్మా. నడుం కాస్త పీకుతుందనుకోండి. అది మా వృత్తి నొప్పి. రోజంతా నిలబడేవాడికి నడుం పీకకపోతేనే ఆశ్చర్యపడాలి."

పక్కన కూర్చున్న భార్య ఆయన వైపోసారి చూసి, చేతిసంచీ జిప్పు మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. ఆవిడ ఇరవయ్యేడేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టేసేది.

"సరే, గురువారం రండి. ఈలోగా ఆలోచించుకోండి. మీకేం కావాలో, ఏది ముఖ్యమో నాకు చెప్పండి" అంది డాక్టరమ్మ.

నాకేం కావాలో నేను చెప్పడమేమిటి, అనుకున్నాడు బయటికొచ్చాక. నా కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేనడుగుతున్నానా?

కానీ ఆయన అసలు భయం వేరు. గడ్డం గీసేది కుడిచేయే అనుకుంటారు జనం. అసలు పని ఎడమ చేతిది. ఎడమ చేతి వేళ్ళు చర్మాన్ని సాగదీసి, వెంట్రుక ఎటు మొలిచిందో, ఎక్కడ చిన్న పొక్కుందో తడిమి చెప్తాయి. కత్తి వాటి వెనక నడుస్తుంది. ఆ వేళ్ళకి తెలియకపోతే కత్తి గుడ్డిది. గుడ్డి కత్తి కింద మెడ పెట్టేవాడెవడు? మాత్రలైతే వేళ్ళు ఉంటాయి. కీమో అయితే ఉంటాయో ఉండవో. నొప్పి ఉందన్నాడా, కీమో రాసేస్తుంది. అందుకే లేదన్నాడు. అబద్ధం నున్నగా వచ్చింది గానీ, రోజంతా గుచ్చుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం సెలూన్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. దువ్వెనలు సైజు ప్రకారం పేర్చి, నచ్చక, తిరగేసి పేర్చాడు. రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది ఇదంతా చూస్తూ, కస్టమరు వెళ్ళేదాకా ఆగాడు.

"అడిగిందంటే ఆవిడకి తెలీదనే కదా బావా. డాక్టర్ని మార్చెయ్. ఆ కొండ మీద ఆస్పత్రిలో పెద్దాయనున్నాడు, మాటే ఎక్కువ మాట్లాడడట."

మంగళవారం సెలూను సెలవు. భార్యకి కరెంటు బిల్లు కట్టొస్తానని చెప్పి, ఫైలు సంచీలో పెట్టుకుని, ఆ పెద్ద డాక్టరు దగ్గరికి పోయాడు. రెండున్నర గంటలు వరండాలో నిలబడ్డాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, కూర్చుని లేచేటప్పుడు నడుంలో చురుక్కుమంటుంది. లోపల పని రెండు నిమిషాల్లో అయిపోయింది. పెద్ద డాక్టరు తలెత్తకుండానే స్కానింగు చూశాడు, "కీమో. ఆరు. శుక్రవారం మొదలు" అని రాసేసి గంట కొట్టాడు. మనవాడు "అయ్యా, నా వేళ్ళు..." అనేలోపు తర్వాతి మనిషి లోపలికొచ్చేశాడు.

ఇదీ పనివాడి లక్షణమంటే, అని మెచ్చుకోవాలి కదా. మెట్లు దిగుతూ మెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాడు. ఒళ్ళంతా ఆవిరి కమ్ముకొచ్చింది. అక్కడ ఎవరో తన తల పట్టుకుని ముందుకి వంచేసినట్టు ఉంది తప్ప, ధైర్యం రాలేదు. ఇంటికెళ్ళాక భార్య, "బిల్లు కట్టావా?" అంది. కట్టానన్నాడు. కట్టలేదని ఆవిడకి తెలుసు, బిల్లు ఆవిడ సంచీలోనే ఉంది.

బుధవారం మధ్యాహ్నం డ్రాయింగు మాస్టారొచ్చాడు. బళ్ళో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి, ఇరవై రెండేళ్ళుగా పదిహేను రోజులకోసారి అదే కుర్చీ. సన్నని గీత లాంటి మీసం. ఆ మొహానికి ఆ మీసమే నప్పుతుందని మొదటి రోజే తేల్చింది మనవాడే. పనిలో తనకి బాగా పేరు తెచ్చిన మీసం అదని బావమరిదికి ఎన్నిసార్లో చెప్పాడు కూడా.

నురగ పూశాడు. కత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఏ దయ్యం పట్టిందో గానీ, అడగడమెంత పనికిమాలిన పనో ఇవాళ తేల్చుకుందామనిపించింది. మాస్టారు ఎలాగూ "నీ ఇష్టం" అంటాడు, డాక్టరమ్మ తప్పని తేలిపోతుంది.

"మీసం ఎలా ఉంచమంటారు మాస్టారూ?"

రెండో కుర్చీ దగ్గర కత్తెర చప్పుడు ఆగిపోయింది. మాస్టారు అద్దంలో ఆయన కళ్ళలోకి చూశాడు.

"తీసెయ్" అన్నాడు.

"ఏంటి?"

"మొత్తం తీసెయ్యవోయ్. మా ఆవిడకి ఆ మీసం మొదట్నించీ ఇష్టం లేదు. సెలూనాయనతో చెప్పండి, సెలూనాయనతో చెప్పండి అని ఎన్నేళ్ళు పోరిందో. పోయి ఐదేళ్ళైంది పాపం. మీసం లేని నన్ను చూడకుండానే పోయింది."

"మరి ఒక్కమాట చెప్పొచ్చు కదండీ ఇన్నేళ్ళలో?"

"నువ్వెప్పుడైనా అడిగావా? అంత నమ్మకంగా పని చేసుకుపోతుంటావు. మధ్యలో నేను నోరు తెరిస్తే నీ పని తప్పన్నట్టు ఉంటుందని ఊరుకున్నాను."

మాస్టారు కోపంగా అనలేదు. అదే ఎక్కువ తగిలింది. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. మనవాడు ఎడమ చేత్తో పెదవి పైచర్మం సాగదీసి మీసం తీసేశాడు. దాని కింద తెల్లగా, ఎండ తగలని చర్మం బయటపడింది. మాస్టారు అద్దంలో చూసుకుని, పైపెదవి తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

"మనకెందుకొచ్చిన గొడవ బావా, అడగడం?" అన్నాడు బావమరిది.

"నోర్ముయ్" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరు కస్టమర్లని బావమరిదికే వదిలేసి, ఏప్రన్ విప్పి, పట్టపగలే ఇంటికి బయల్దేరాడు. వంచిన తలలన్నీ వరసగా గుర్తొచ్చాయి దారిలో. ఎన్ని వేల తలలు. వాటిల్లో ఎన్నిటికి ఏం కావాలో? సిగ్గేసింది. ఆ వెనకే ఇంకోటి గుర్తొచ్చి కాళ్ళు వేగంగా పడ్డాయి. ఇంట్లో మాత్రం తను ఎప్పుడడిగాడు గనక? అద్దె ఇల్లు, గ్యాసు పొయ్యి, పిల్లని ఏ బళ్ళో వెయ్యాలి, అన్నీ తను ఒక చూపు చూసి తేల్చేసినవే.

భార్య ఆరిన బట్టలు మడతలు పెడుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"నీకేం కావాలి?"

"ఉప్పు అయిపోయింది. బజారుకెళ్తున్నావా?"

"ఉప్పు కాదే. మందు సంగతి. రేపు నేనేం చెప్తే నీకు బాగుంటుంది?"

ఆవిడ చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఎటువైపు నుంచి వచ్చిందో అర్థం కానట్టు చూసింది. నోరు తెరిస్తే సగం బస్సు నిశ్శబ్దమయ్యే మనిషి గొంతు తగ్గించి చెప్పింది.

"నీకెంత నొప్పి ఉందో నాకు చెప్పాలి. నాకు అది కావాలి."

"నొప్పేముంది, వృత్తిలో..."

"ఇదిగో, ఇదే వద్దు నాకు. ప్యాంటు వేసుకునేటప్పుడు గోడకి ఆనుకుంటున్నావు. సెలవు రోజున కూడా. నిలబడితే వచ్చే నొప్పి పడుకున్నా ఎందుకొస్తుందయ్యా? అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకుంటున్నాను. ఊరుకుంటే నాకు గుండె ఆగినట్టుంటోంది. నీ మొహం చూసి ఊహించీ ఊహించీ అలిసిపోయాను నేను."

ఆయన వచ్చి బట్టల పక్కన మంచం మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు పళ్ళు బిగించడం మామూలే. ఈసారి దాచలేదు.

"ఉంది. రెండు నెలల్నించి ఉంది. పడుకున్నా ఉంది. చెబితే చెయ్యి పోయే మందు పెడతారని చెప్పలేదు. ఎడం చెయ్యి పోతే నేనెందుకే ఇంక?"

"సెలూన్లో సంగతి నాకు తెలీదు. ఇంట్లో మాత్రం నువ్వు ఎడం చేత్తో గ్లాసు కూడా ఇక్కడిదక్కడ పెట్టింది లేదు. ఆ చెయ్యి మొద్దుబారినా నాకు తేడా తెలీదు."

ఆయనకి నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ ఆ చొక్కాలోనే మొహం పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చడం ఆయనకి చేతకాదు, పక్కన కూర్చుని మిగిలిన బట్టలు మడతపెట్టాడు, ఒక్కటీ సరిగ్గా కుదరలేదు.

గురువారం డాక్టరమ్మ అడగకముందే నొప్పి సంగతి మొత్తం చెప్పేశాడు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎలా పడుకుంటే ఎక్కువ. ఆవిడ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి వెన్ను మీద వేళ్ళతో ఒత్తుకుంటూ వచ్చింది. ఒకచోట ఆయన అదిరిపడ్డాడు. కాళ్ళల్లో బలం ఉందా, తిమ్మిరి ఉందా అని చూసింది. బలం తగ్గలేదని, తిమ్మిరి లేదని తేలాక ఊపిరి తీసుకుంది.

"ఇది సోమవారమే చెప్పాల్సింది మీరు. ముందు ఆ ఎముకకి రేడియేషన్ ఇద్దాం, నొప్పి తగ్గుతుంది. తర్వాత కీమో అయితే మంచిదని నా అభిప్రాయం. కాళ్ళు బలహీనపడ్డట్టు ఎప్పుడనిపించినా ఆ క్షణమే రావాలి."

"మరి వేళ్ళు?"

"ప్రతి విడతకీ ముందు అడుగుతాను. మొద్దుబారడం మొదలైతే మోతాదు తగ్గించొచ్చు, ఆపేసి మాత్రలకి మారొచ్చు. కానీ కొందరికి ఆపేసినా స్పర్శ పూర్తిగా వెనక్కి రాదు. అది దాచి మీ చేత సంతకం పెట్టించలేను."

ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి చూసుకున్నాడు.

"నాకేం కావాలో చెప్పమన్నారు కదమ్మా. పని కావాలి. ఇంకొంత కాలం కూడా కావాలి. రెండూ దొరికితే అదృష్టం. ఒకటే దొరుకుతుందంటే, కాలం ఇప్పించండి."

భార్య నీళ్ళ సీసా మూత తీసి ఆయన ముందు పెట్టింది. డాక్టరమ్మ కీమోకి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం ఆయన వైపు జరిపింది. ఆయన సంతకం పెట్టాడు.

బయట బస్టాపు దాకా నడిచారు. సగం దూరంలో ఆవిడ, "నొప్పిగా ఉందా?" అంది. లేదు అనే మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చేసింది.

"ఉంది. కాసేపు కూర్చుందాం."

బస్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ళ బస్సే వచ్చింది. కండక్టరు తల బయటికి పెట్టి ఎక్కుతారా అన్నట్టు చూస్తే, ఆవిడ పొమ్మని చెయ్యి ఊపింది. ఆయన ఆ చేతిని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె బొటనవేలి పక్కన చర్మం, ఇరవయ్యేడేళ్ళు టికెట్లు చింపిన చోట, గట్టిగా కాయకట్టి ఉంది. ఆయన వేళ్ళకి అది స్పష్టంగా తెలిసింది. అక్కడ కాయ ఉందని ఆయనకి ఇన్నేళ్ళూ తెలీదు.